తిండి మానేసిన బడ్జీ పిట్ట: ఏం చేయాలో చెప్పగలరా?

ప్రశ్న
గట్టుమీది ఇల్లు

అందరికీ నమస్కారం. మేము తూర్పు గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఉంటాం. రెండేళ్లుగా మా ఇంట్లో ఒక జత బడ్జీ పిట్టలు పెరుగుతున్నాయి. మా వైపు దుకాణాల్లో వీటిని లవ్ బర్డ్స్ అనే అమ్ముతారు కాబట్టి చాలాకాలం మేమూ అదే వాటి పేరనుకున్నాం. ఆకుపచ్చ ఒళ్లూ పసుపు ముఖమూ ఉన్న పిట్టకు మా అమ్మాయి సంపెంగ అని పేరు పెట్టింది. పెద్దయ్యాక దాని ముక్కుమీది పొర నీలంగా తిరిగినప్పుడు అది మగపిట్ట అని తెలిసింది గానీ, అప్పటికే పేరు నోటికి అలవాటైపోయింది. రెండోది నీలిరంగు ఆడపిట్ట.

నాలుగు రోజులుగా సంపెంగ తీరు మారింది. పొద్దున్నే కుక్కర్ కూతకు పోటీగా అరిచే పిట్ట ఇప్పుడు పగటిపూట కూడా ఈకలన్నీ ఉబ్బించుకుని, తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో దాచుకుని, అన్నిటికన్నా కింద ఉన్న పుల్లమీద కూర్చుంటోంది. గింజల గిన్నె దగ్గరికి వెళ్తుంది, కాసేపు ముక్కుతో కెలుకుతుంది, తింటున్నట్టే కనిపిస్తుంది. తీరా సాయంత్రం చూస్తే గిన్నె నిండుగానే ఉంటోంది. రెట్టలు బాగా తగ్గిపోయాయి, వేసినవి కూడా ముదురు ఆకుపచ్చగా, ఆవగింజంత ఉంటున్నాయి. నిన్న సాయంత్రం తల విదిలించి ఏదో జిగురుగా కక్కింది. నుదుటిమీది ఈకలు ఇంకా అంటుకుపోయే ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే రొమ్ము మధ్య ఎముక వేలికి గుచ్చుకున్నట్టు తగిలింది. ఇది ఎప్పటినుంచి ఇలా చిక్కిపోయిందో, ఈకల కింద మాకు తెలియనే లేదు.

ఇన్నాళ్లూ పొట్టుతో ఉన్న కొర్రలు, సజ్జలు కలిపి పెడుతున్నాం. అప్పుడప్పుడు కొత్తిమీర కాడలు వేలాడదీస్తాం. తాగడానికి కాచి చల్లార్చిన నీళ్లే. మా అత్తయ్యగారు తేనె నాకించమంటున్నారు. పిట్టను కొన్న దుకాణంలో అడిగితే నీళ్లలో కలపమని పసుపు రంగు పొడి పొట్లం ఒకటి ఇచ్చారు. దానిమీద పేరు లేదు, ఇంకా కలపలేదు. మా ఊరి పశువుల డాక్టరుగారు చాలా మంచివారు, కానీ ‘నా చెయ్యి గేదెలకు అలవాటైందమ్మా, ఇంత చిన్న ప్రాణికి మోతాదు లెక్కగట్టడం నావల్ల కాదు’ అని ఉన్నమాట చెప్పేశారు.

సిరంజితో నోట్లో పోసి తినిపించవచ్చా? ఒకటి రెండు రోజులు ఆగి చూడవచ్చా, లేక ఎంత దూరమైనా వెంటనే తీసుకెళ్లాలా? రెండో పిట్టను వేరు చేయాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి. మా అమ్మాయి బడికి కూడా మనసులేకుండా వెళ్తోంది.


జవాబు
కొర్రకంకి మాస్టారు

అమ్మా, నేను ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులును, ముప్ఫై ఏళ్లుగా ఈ పిట్టలను పెంచుతున్నాను. వైద్యుణ్ణి కాను కాబట్టి ఇంట్లో చేయగలిగినంతవరకే చెబుతాను.

ముందు ఆ గింజల గిన్నెను బయటికి తెచ్చి దానిమీద మెల్లగా ఊదండి. బడ్జీ గింజను పొట్టుతో మింగదు. ముక్కులో అటూ ఇటూ తిప్పి, ఒలిచి, పప్పు మింగి, పొట్టును మళ్లీ అదే గిన్నెలో రాలుస్తుంది. అందువల్ల ఖాళీ గిన్నె కూడా దూరంనుంచి నిండుగానే కనిపిస్తుంది. కొత్తలో నేను ఆ పొట్టును చూసి గింజలనుకుని, ఆకలితో ఉన్న పిట్టలను ఒక పూటంతా పస్తు పెట్టాను. ఊదినప్పుడు పొట్టు ఎగిరిపోయి అడుగున ఏమీ మిగలకపోతే మీ పిట్టలు బాగానే తింటున్నట్టు. పొట్టే లేకుండా గింజలు గింజలుగానే ఉంటే ముట్టడం లేదన్నమాట. కానీ మీరు రాసింది చదివితే నాకు మరొకటి అనుమానంగా ఉంది. కొన్ని జబ్బుల్లో పిట్ట గింజను ఒలుస్తుంది, పప్పును నలుపుతుంది, మింగదు. చూసేవాళ్లకు తింటున్నట్టే ఉంటుంది. పంజరం అడుగున తెల్లకాగితం పరిచి గంట తరువాత చూడండి. తడిసి నలిగిన నూక రాలి ఉంటే అదే సంగతి. రెండు పిట్టలూ ఒకే గిన్నెలో తింటే ఇదేదీ తేలదు కాబట్టి సంపెంగను వేరే పంజరంలో పెట్టండి, అయితే జోడు కంటికి కనిపించేంత దగ్గరలోనే ఉంచండి. గుంపులో బతికే పిట్ట ఇది, ఒంటరిగా పెడితే ఆ దిగులుకు తినే నాలుగు గింజలూ మానేస్తుంది.

ఇక వేడి సంగతి. మందుకన్నా ముందు మీ పిట్టకు కావలసింది వెచ్చదనం. దీని ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, బరువు చూస్తే 30, 40 గ్రాములు. అంత చిన్న ఒంట్లో అంత వేడి నిలబడాలంటే పొయ్యిలో ఎప్పుడూ పుల్ల పడుతూనే ఉండాలి. తిండి లేనప్పుడు ఒంట్లో ఉన్న కండే ఆ పుల్ల అవుతుంది, మీ వేలికి తగిలిన ఎముక అదే చెబుతోంది. ఈకలు ఉబ్బించుకోవడం కూడా మనం దుప్పటి కప్పుకోవడం లాంటిదే. పైగా ఇప్పుడు ధనుర్మాసపు చలి. పంజరానికి మూడు వైపులా మందపాటి గుడ్డ కప్పి, ఒక చివర 29 నుంచి 32 డిగ్రీల వేడి ఉండేలా, రెండో చివర కాస్త చల్లగా ఉండేలా చూడండి. ఎంత వేడి కావాలో అప్పుడు పిట్టే జరిగి చెబుతుంది. పూర్వం 60 వాట్ల బల్బు పంజరం బయట పెడితే సరిపోయేది. ఇప్పుడు ఇళ్లలో ఉన్న ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ పిట్టకు చాలేంత వేడినివ్వదు. మా వీధిలో ఒకాయన రాత్రంతా ఎల్‌ఈడీ వెలిగించిపెట్టి ‘వెచ్చగానే ఉంచానండీ’ అన్నాడు, పాపం ఆ పిట్టకు నిద్ర కూడా లేకుండా పోయింది. పాత రకం తీగ బల్బు దొరికితే సరే, లేకపోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పంజరానికి ఆనించి, చల్లారినప్పుడల్లా మార్చండి. పిట్ట నోరు తెరిచి రొప్పుతున్నా, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకున్నా వేడి ఎక్కువైందని గుర్తు.

వెచ్చదనం కోసమని ఆ గదిలో కుంపటి మాత్రం పెట్టకండి. సాంబ్రాణి, దోమల చుట్ట, అగరుబత్తి కూడా వద్దు. పొగ వీటి ఊపిరితిత్తులకు పడదు. నాన్‌స్టిక్ పెనం పొయ్యిమీద మాడినప్పుడు వచ్చే ఆవిరికి, ఆరోగ్యంగా ఉన్న పిట్టలే నిమిషాల్లో రాలిపోతాయి. పంజరం వంటింటికి దగ్గరలో ఉందని మీ మాటలనుబట్టి అనిపిస్తోంది, మార్చండి.

సిరంజితో పోయవద్దమ్మా. పిట్ట నోట్లో గాలి గొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. మనం బలవంతంగా పోసింది గొంతులోకి పోయే బదులు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలా ఏళ్ల కిందట పాలల్లో నానబెట్టిన రొట్టె అలా పోయబోయి నా అరచేతిలోనే ఒక పిట్టను పోగొట్టుకున్నాను. పొట్టలోకి సన్నని గొట్టంతో తిండి పంపే పద్ధతి ఉంది, అది డాక్టర్లు చేయాలి. మీరు చేయవలసింది, తినాలనిపిస్తే తినడానికి ఏ కష్టమూ లేకుండా చూడడం. కూర్చునే పుల్ల కిందికి దించండి. గింజలు, నీళ్లు మెడ చాస్తే అందేంత దగ్గర పెట్టండి. పుల్ల పక్కనే ఒక కొర్ర కంకి కట్టండి. గిన్నెను చూసి మొహం తిప్పుకునే పిట్టలు కూడా కంకిని చూస్తే ఒక గింజ పీకుతాయి. మందుల పెట్టెలో ఏం దాచుకున్నా దాచుకోకపోయినా, నా ఇంట్లో చూరుకు కట్టిన కొర్ర కంకుల గుత్తి మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది.

చివరగా, ఒక గ్రాము తేడా కూడా చూపించే చిన్న కాటా కొనండి. రోజూ పొద్దున, తిండి పెట్టకముందు, చిన్న డబ్బాలో కూర్చోబెట్టి తూచి గోడ క్యాలెండరుమీద రాయండి. మామూలు బరువులో పదోవంతు తగ్గిందంటే, పిట్ట పైకి హుషారుగా కనిపించినా సరే, లోపల ఏదో జరుగుతోందని నేను లెక్కవేస్తాను. మీ సంపెంగ ఆ గీత ఎప్పుడో దాటేసినట్టుంది. ఆగి చూడవద్దు.


జవాబు
పిట్టగోడ

మాస్టారు చెప్పినవన్నీ మంచివే గానీ, పిట్టల డాక్టరు ఎక్కడో నగరంలో ఉంటాడు, అంత దూరం ఎవరు వెళ్లగలరు? మా దగ్గర పదిహేను పిట్టలున్నాయి. ఏ పిట్ట డల్‌గా కనిపించినా నేను ఆ పసుపు పొడినే చిటికెడు నీళ్లలో కలుపుతాను. అది టెట్రాసైక్లిన్. మూడు రోజుల్లో చాలావరకు లేచి తిరుగుతాయి. లేవనివి ఎటూ లేవవు. దుకాణాలవాళ్లు ఏళ్ల తరబడి ఇదే ఇస్తున్నారు, అందులో అనుభవం ఉంటుంది కదా. గ్లూకోజు కూడా కలిపితే బలం వస్తుంది.


జవాబు
రెక్కల వైద్యం

నేను పశువైద్యురాలిని, పెంపుడు పక్షులను రోజూ చూస్తాను. పిట్టగోడ గారూ, మీ అనుభవాన్ని తీసిపారేయడం లేదు, కానీ ఆ పొడి విషయంలో మీతో ఏకీభవించలేను. కారణాలు చెప్పాలి.

బడ్జీ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల పక్షి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చాలా కొద్దిగా నీళ్లు తాగుతుంది. జబ్బుపడితే ఇంకా తగ్గిస్తుంది. ఆ పొడి చేదు కాబట్టి తాగే రెండు గుక్కలు కూడా మానేస్తుంది. అప్పుడు మందు ఎంత లోపలికి పోయిందో ఎవరూ చెప్పలేరు, ఒంట్లో నీరు మాత్రం తగ్గిపోతుంది. పంజరంలో సున్నపు దిమ్మో సముద్రపు నురగ ముక్కో ఉంటే దానిలోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మందు బ్యాక్టీరియామీద పనిచేసేది. మాస్టారు చెప్పిన మూడో రకం, అంటే ఒలిచి నలిపి వదిలేసే పిట్టల్లో నేను మొదట వెతికేది బ్యాక్టీరియాను కాదు, ఒక రకం శిలీంధ్రాన్ని. దాని పేరు మాక్రోరాబ్డస్. పక్షి జీర్ణాశయంలో, జీర్ణరసాలు ఊరే భాగానికీ గింజలు నూరే భాగానికీ నడుమ స్థిరపడుతుంది. మొదట్లో దీన్ని పెద్ద సైజు బ్యాక్టీరియా అనుకుని మెగాబ్యాక్టీరియా అని పేరు పెట్టారు. అది శిలీంధ్రమని తేలి ఇప్పుడున్న పేరు స్థిరపడింది 2003లో. పాత పేరు ఇంకా చలామణిలో ఉండటంవల్లే కాబోలు చాలామంది దీనికి యాంటీబయాటిక్ వేస్తుంటారు. దానివల్ల పొట్టలో ఉండవలసిన మంచి క్రిములు పోతాయి, ఉండకూడనిది అలాగే ఉండిపోతుంది.

అయితే ఫలానాదే అని చూడకుండా నేను చెప్పను. తల ఈకలు తడిసి అంటుకున్నాయన్నారు. బడ్జీల గొంతులో, గింజలు నిలవ ఉండే సంచిలో ట్రైకోమొనాస్ అనే ఏకకణ జీవి చేరినా ఇలాగే తల విదిలించి కక్కుతాయి. దానికి మందు పూర్తిగా వేరు. పంజరం తీగల జింకు పూతనో పాత రంగునో కొరికి, లోహం ఒంటికెక్కినా తిండి మానేస్తాయి. ఏళ్లతరబడి గింజలు తప్ప మరేదీ తినని పిట్టల్లో అయోడిన్ చాలక గొంతు గ్రంథి వాచి, మింగలేక కక్కడం కూడా ఉంది. పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. తేడా తేలేది సూక్ష్మదర్శిని కింద, చాలా సందర్భాల్లో పది నిమిషాల్లో.

రెట్టల గురించి మీరు రాసిన వాక్యమే నన్ను తొందరపెట్టింది. మామూలు రెట్టలో గోధుమరంగు కలిసిన ఆకుపచ్చ మలం, తెల్లని సున్నంలాంటి భాగం, కొద్దిగా నీరు ఉంటాయి. ఆరోగ్యమైన బడ్జీ రోజుకు ముప్ఫై నలభై వరకు వేస్తుంది. తిండి లోపలికి పోనప్పుడు పైత్యరసం ఒక్కటే దిగుతుంది, అందుకే ముదురు ఆకుపచ్చ. అది పస్తుల రంగు. తెల్లని భాగమే పచ్చగానో పసుపుగానో మారి ఉంటే కాలేయం దెబ్బతిన్నదని, సిటకోసిస్ అనే జబ్బు కూడా కావచ్చని చూడాలి. అది పక్షుల నుంచి మనుషులకు అంటుకుంటుంది కనుక, ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు ఉంటే పిట్ట సంగతి మీ డాక్టరుకు తప్పక చెప్పండి. తేలేవరకు పంజరం కాగితాన్ని పొడిగా దులపకుండా తడిపి తీయండి, మూతికి మాస్కు కట్టుకోండి. అమ్మాయిని ఆ పని చేయనివ్వకండి.

ఈరోజే బయలుదేరండి. గన్నవరం, తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి, వాటి ఆసుపత్రులకు ఫోను చేసి పక్షులను చూసేవారు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. మీకు గన్నవరం దగ్గర. విజయవాడలో ప్రైవేటుగా పక్షులను చూసేవారున్నా మంచిదే. వెళ్లేముందు పంజరం శుభ్రం చేయకండి. పొద్దున వేసిన రెట్టలను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఎండిపోకుండా మూతపెట్టి తీసుకురండి. మాక్రోరాబ్డస్ తాజా రెట్టలోనే బాగా కనిపిస్తుంది. మీరు పెట్టే గింజలు ఒక గుప్పెడు, ఆ పేరులేని పొడి పొట్లం కూడా తీసుకెళ్లండి. పిట్టను పెద్ద పంజరంలో కాకుండా చిల్లులు పెట్టిన చిన్న అట్టపెట్టెలో, అడుగున గుడ్డ పరిచి, పక్కన గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాతో, చీకటిగా ఉంచి తీసుకెళ్తే దారిలో బెదరదు.

గ్లూకోజు నీళ్లు, తేనె విషయం. ఒక చుక్క తేనె ప్రాణం తీయదు. కానీ వెచ్చని పంజరంలో తీపి నీళ్లు కొన్ని గంటల్లోనే పులుస్తాయి, శిలీంధ్రం ఉందేమోనని అనుమానిస్తున్న పిట్టకు అవి పెట్టడం నాకు నచ్చదు. ఇసుక, గులకరాళ్ల పొడి ఉంటే కూడా తీసేయండి. గింజ ఒలుచుకుని తినే ఈ పిట్టకు వాటి అవసరం లేదు, జబ్బులో ఉన్నప్పుడు పిచ్చిగా తిని అడ్డం పడేసుకుంటాయి.


అడిగినవారి నుంచి
గట్టుమీది ఇల్లు

అందరికీ కృతజ్ఞతలు. ఐదు రోజులు రాయలేకపోయాను, క్షమించండి.

మాస్టారూ, మీరు చెప్పినట్టే ఆ రాత్రి గిన్నెమీద ఊదాను. పొట్టు ఎగిరింది, కింద గింజలూ ఉన్నాయి. ఏమీ అర్థం కాలేదు. సంపెంగను వేరుచేసి తెల్లకాగితం పరిచి కూర్చున్నాం. అది పుల్ల దిగి వచ్చి కంకిలోంచి గింజ తీసింది, ముక్కులో తిప్పింది, పొట్టు రాల్చింది. ఆ తరువాత ముక్కు కదుపుతూనే ఉంది, చాలాసేపు కదిపింది, చివరికి తెల్లని నూక తడిముద్దగా కాగితంమీద పడింది. మా అమ్మాయి లెక్కపెట్టింది: పదకొండు గింజలు ఒలిచింది, ఒక్కటీ మింగలేదు. నాలుగు రోజులుగా మేము ఎదురుగా కూర్చుని ‘కొంచెం తింటోందిలే’ అనుకున్నది ఇదే.

కాటా పక్కింటి నగల దుకాణం వారిది అడిగి తెచ్చాం. 27 గ్రాములు. రెండో పిట్ట 36 ఉంది. మా ఆయన ఆ అంకె చూసి ఇంకేం మాట్లాడకుండా తెల్లవారుజామున కారు తీశారు. విజయవాడలో పక్షులను చూసే ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. అట్టపెట్టెలో వేడినీళ్ల సీసాను దారిలో ఒకసారి టీ కొట్టు దగ్గర మార్చుకున్నాం. ఆ టీ కొట్టాయన పిట్టకోసమని తెలిసి డబ్బులు తీసుకోలేదు.

డాక్టరుగారు రెట్టను ఒక చుక్క సెలైనుతో గాజుపలకమీద పరిచి చూసి, మమ్మల్నీ చూడమన్నారు. సన్నగా, నిటారుగా, అక్కడక్కడా చీపురుపుల్లలు విరిచి చల్లినట్టు కనిపించాయి. అవే మాక్రోరాబ్డస్ అన్నారు. గొంతులోంచి తీసిన తడిలో ట్రైకోమొనాస్ కనిపించలేదు. ఆంఫోటెరిసిన్ అనే మందు రోజుకు రెండుసార్లు, దాదాపు నెల రోజులపాటు నోట్లో చుక్కలుగా వేయమన్నారు. ఆ రోజూ మర్నాడూ గొట్టంతో తిండి కూడా ఆయనే పెట్టారు, అందుకోసం బంధువుల ఇంట్లో ఒక రాత్రి ఉండిపోయాం. ఆ పని చూశాక సిరంజి పట్టుకోవద్దని మీరు ఎందుకన్నారో అర్థమైంది. ఆయన చేతిలో మూడు సెకన్లలో అయిపోయింది, నాకైతే మూడు జన్మల్లో కూడా రాదు.

రెండో పిట్ట రెట్టలోనూ ఆ పుల్లలు కొన్ని ఉన్నాయట. దానికి ఏ బాధా లేకపోయినా, దానినుంచి దీనికి మళ్లీ అంటుకుంటుందని రెండింటికీ మందు వేయమన్నారు. పసుపు పొడిని వాసన చూసి చెత్తబుట్టలో వేశారు.

ఈ పొద్దున బరువు 29 గ్రాములు. నూక రాలడం తగ్గింది. ఇంకా ఎక్కువసేపు ఈకలు ఉబ్బించుకునే ఉంటోంది. రెండు సందేహాలు మిగిలాయి. మందు వేసేటప్పుడు ఒకోసారి తల విదిలించి చుక్క బయటికి చిమ్మేస్తోంది, మళ్లీ వేయాలా? నీళ్లలో కలిపితే సులువు కదా? ఇకమీదట తిండి ఏమైనా మార్చాలా?


జవాబు
కొర్రకంకి మాస్టారు

అమ్మా, రెండు గ్రాములు పెరగడమంటే మనిషి లెక్కలో నాలుగైదు కిలోలు పెరిగినట్టు. ఆ నగల కాటాను ఇప్పుడే తిరిగి ఇచ్చేయకండి.

తిండి సంగతి: కోలుకునేవరకు ఏమీ మార్చకండి. అలవాటైన గింజే పెట్టండి, కంకి తీయకండి. బరువు నిలకడగా పాత చోటికి వచ్చాక, నెలా రెండు నెలలు పట్టినా సరే, అప్పుడు మెల్లగా ఆకుకూరలు మొదలుపెట్టండి. మా ఇంట్లో మునగాకు రెమ్మ కడిగి, తడి ఆరకుండానే పంజరానికి కట్టేస్తాను. మొదట ఆ తడిలో ఒళ్లు రుద్దుకుంటాయి, నాలుగో రోజుకు కొరుకుతాయి. ఉడికించిన గుడ్డు పచ్చసొన వారానికి ఒకసారి వేలిగోరంత పెడతాను. బజారులో కొనేటప్పుడు కొర్ర బియ్యం కాకుండా పొట్టుతో ఉన్న కొర్రలే అడిగి తీసుకోండి. ఇప్పుడు చిరుధాన్యాల మోజు పెరిగి కొట్లలో ఎక్కడ చూసినా పొట్టు తీసినవే కనిపిస్తున్నాయి. గుప్పిట్లో పట్టి వాసన చూడండి, ముక్కవాసన వస్తే ఎంత చౌకైనా వద్దు.

మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. పిట్ట కోలుకున్నాక ఆకుకూర రెమ్మ కట్టే పని ఆవిడకే అప్పగించండి, తేనె నాకించాలన్న ఆవిడ ముచ్చటకు అదే సరైన దారి.


జవాబు
రెక్కల వైద్యం

సమయానికి తీసుకెళ్లారు. మందు గురించి మీరు అడిగింది చెబుతాను.

ఈ మందు పేగులనుంచి రక్తంలోకి దాదాపుగా ఎక్కదు, పొట్ట గోడమీద ఉన్న శిలీంధ్రాన్ని నేరుగా తాకి పనిచేస్తుంది. కాబట్టి నీళ్లలో పలచగా కలిపితే, పిట్ట ఎప్పుడో తాగే గుక్కతో సరిపడా మందు అక్కడికి చేరదు. నోట్లో వేయడమే మేలు. మాస్టారు వద్దన్న సిరంజి తిండికీ దీనికీ తేడా ఉంది. ఇది ఒకటి రెండు చుక్కల పని. పిట్టను మెత్తని గుడ్డలో చుట్టి, నిటారుగా పట్టుకోండి. రొమ్మును నొక్కకండి, రొమ్ము కదలకపోతే పక్షికి ఊపిరి ఆడదు. తలకు రెండు వైపులా వేళ్లు ఆనించి, ముక్కు పక్కమూలలో ఒక చుక్క వదిలి, నాలుక కదిలి మింగేదాకా ఆగి, అప్పుడు రెండోది వేయండి. సీసాను ప్రతిసారీ బాగా కుదపండి, మందు అడుగున పేరుకుంటుంది. చుక్క మొత్తం బయటికి చిమ్మేసిందని మీరు కళ్లారా చూస్తే ఒక్కసారి మళ్లీ వేయవచ్చో లేదో మీకు వైద్యం చేస్తున్న డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి, ఆయన రాసిన మోతాదు నాకు తెలియదు కనుక నేను చెప్పడం సరికాదు. కొంత లోపలికి పోయిందో లేదో తెలియని రోజున మాత్రం మళ్లీ వేయకుండా తరువాతి పూటకు ఆగండి.

బరువు పెరిగి, అరుపు మొదలయ్యాక పదో రోజుకో పదిహేనో రోజుకో మందు ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. చెప్పిన రోజులు పూర్తయ్యాక రెండు పిట్టల తాజా రెట్టలనూ మళ్లీ చూపించండి. ఈ మధ్యలో ఏ పొద్దునైనా కాటామీద రెండు గ్రాములు తగ్గితే ఈకలు ఎలా ఉన్నాయి, అరుస్తోందా లేదా అని చూస్తూ కూర్చోకుండా ఆ రోజే డాక్టరుగారికి ఫోను చేయండి.